‘క్షమించమని మాకే ఎందుకు చెబుతారు టీచర్?’

కోనసీమలోని ఒక ఊరి నుంచి ఒక సోదరి రాశారు. వయసు ఇరవై ఎనిమిది. వారమంతా ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారం ఆరాధన అయ్యాక దళితపేటలోని చర్చిలో పెద్దపిల్లల సండే స్కూలు నడుపుతున్నారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పద్నాలుగు మంది పిల్లలు. చేతిలో ఉండేది ముప్పావు గంట.

డిసెంబరులో ట్రాక్టరు మీద సౌండు బాక్సులు పెట్టుకుని ఈ పిల్లలు క్యారల్స్‌కి ఊళ్ళోకి వెళ్ళారు. రామాలయంలో ధనుర్మాసం భజన జరుగుతోంది. బాక్సులు కట్టేయమని అటువైపు, ముందు మీ మైకు తగ్గించండని ఇటువైపు. తోపులాటలో ఇంటర్ రెండో ఏడాది కుర్రాడొకడు పేటకు చెందిన పదో తరగతి పిల్లాణ్ణి నడి సెంటర్లో చెంప మీద కొట్టాడు, కులం పేరు పెట్టి తిట్టాడు. మర్నాడు రెండు వైపులా వాట్సాప్ స్టేటస్‌లు వెలిశాయి. పెద్దమనుషులు కూర్చుని, పిల్లల గొడవ, ఇక్కడితో వదిలెయ్యండని తేల్చేశారు. కొట్టిన కుర్రాడి తమ్ముడూ దెబ్బ తిన్న పిల్లాడూ హైస్కూల్లో ఒకే తరగతి. రోజూ ఒకే కాలవగట్టు మీద సైకిళ్ళు తొక్కాలి.

జనవరిలో నాలుగు ఆదివారాలు క్షమాపణ గురించి చెప్పమని పాస్టరు గారు ఆమెకు పురమాయించారు. రెండో వారం ‘ఒక చెంప మీద కొడితే రెండో చెంప తిప్పు’ అనే వాక్యం వివరిస్తుంటే ఆ పిల్లాడు లేచి, “క్షమించమని మాకే ఎందుకు చెబుతారు టీచర్? ఆ మాట ఊళ్ళో ఎవరైనా చెబుతున్నారా?” అని అడిగి వెళ్ళిపోయాడు. అతనితోపాటు మరో ఇద్దరు మానేశారు. రెండు వైపుల పిల్లల్నీ కూర్చోబెడదాం రమ్మని హైస్కూలు హెడ్మాస్టరు గారు పిలుస్తున్నారు. కెలకొద్దని పాస్టరు గారు అంటున్నారు. మా పిల్లల్ని మళ్ళీ గొడవలోకి లాగకమ్మా అని తల్లులు బతిమాలుతున్నారు. ‘నేనేం చెప్పాలి? పిల్లల్ని కలపాలా, ఊరుకోవాలా, సండే స్కూలే మానుకోవాలా?’ అన్నది ఆమె ఉత్తరం.

అమ్మా,

ఆ పిల్లాడి ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. దానికి జవాబు చెప్పకుండా శాంతి గురించి మీరు ఏం చెప్పినా తక్కిన పదకొండు మందికీ ఎక్కదు. అతను మీ మీద తిరగబడలేదు. వాక్యం విని, తన చెంపకు అన్వయించుకుని, పొంతన కుదరక అడిగాడు. పదిహేనేళ్ళ వయసులో వాక్యాన్ని అంత గట్టిగా పట్టించుకునే పిల్లలు తక్కువ.

ఆ వాక్యం యేసు కొండమీది ప్రసంగంలోది. దాన్ని విన్నది దెబ్బలు కొట్టే జనం కాదు, తినే జనం. రోమా సైనికుడు బరువు నెత్తిన పెడితే మైలు దూరం మోయక తప్పనివాళ్ళు, అప్పుకింద అంగీ పోగొట్టుకునేవాళ్ళు. వాక్యంలో ‘కుడిచెంప’ అని ప్రత్యేకంగా ఉంది. కుడిచేతివాటం మనిషి ఎదురుగా ఉన్నవాడి కుడిచెంప మీద కొట్టాలంటే చేతివెనక భాగంతో కొట్టాలి. అది కిందివాణ్ణి అవమానించే దెబ్బ, ఎడమచెంప చూపడమంటే ‘నన్ను సాటిమనిషిగా చూడు’ అని నిలబడటం అని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. అందరూ దీన్ని ఒప్పుకోరు, ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పండి. భిన్నాభిప్రాయాలు ఉన్నాయని తెలిస్తే పెద్దపిల్లలు ఇంకా శ్రద్ధగా వింటారు.

ఏ వ్యాఖ్యానం అక్కర్లేని ఘట్టం యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది. విచారణలో ఒక బంట్రోతు యేసును చెంపమీద కొడతాడు. ఆయన తిరిగి కొట్టలేదు, నోరూ మూసుకోలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చూపించు, సరిగ్గానే మాట్లాడితే ఎందుకు కొట్టావని అడిగాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం కూడా తియ్యండి. ఫిలిప్పీ పట్టణంలో పౌలు, సీల అనే బోధకులను విచారణ లేకుండా అందరి ముందూ కొట్టించి చెరసాలలో వేసిన అధికారులు, మర్నాడు చడీచప్పుడు లేకుండా వెళ్ళిపొమ్మని కబురు పెడతారు. అందరి ముందూ కొట్టి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకురావాలని పౌలు పట్టుబడతాడు. అధికారులు వచ్చి బతిమాలుకుంటారు. సెంటర్లో చెంపదెబ్బ తిన్న పిల్లాడికి ఈ అధ్యాయం గురించి వేరే వివరణ అక్కర్లేదు.

మీ నాలుగు వారాల పాఠంలో మూడు వేర్వేరు విషయాలు ఒకటైపోయినట్టున్నాయి. క్షమించడం దెబ్బ తిన్నవాడి మనసులో, వాడికి వీలైనప్పుడు జరిగే పని. తప్పు ఒప్పుకుని సరిదిద్దడం కొట్టినవాడి పని. మళ్ళీ కలిసి మెలగడం ఇద్దరూ ఒప్పుకుంటేనే జరిగేది. కొట్టినవాడు తన వంతు చెయ్యకముందే మొదటిది ఒక్కటే పట్టుకుని మూడోదాకా లాక్కెళితే, పిల్లాడికి వినపడేది ‘నోరు మూసుకో’ అనే. ఆదికాండం 33లో, ఏళ్ళనాటి కక్ష తర్వాత అన్నదమ్ములు యాకోబు, ఏశావు కౌగిలించుకుని ఏడుస్తారు. అయినా యాకోబు అన్న వెంట శేయీరుకు పోకుండా సుక్కోతులో ఇల్లు కట్టుకుంటాడు. కక్ష పోయినా దూరం పాటించవచ్చని ఆ కథ చెబుతోంది. ఇది పిల్లలకు చాలా ఊరట ఇచ్చే విషయం.

ఇక మీ తరగతి చెయ్యకూడని పని ఒకటుంది, పోలీసు ఫిర్యాదు సంగతి తేల్చడం. జరిగింది పిల్లల మధ్య మాటపట్టింపు ఒక్కటే కాదు, కొట్టడం, కులం పేరుతో తిట్టడం. భారతీయ న్యాయ సంహితలో 115వ సెక్షను కింద కొట్టి గాయపరచడం నేరమే, కొట్టినవాడిదీ దెబ్బ తిన్నవాడిదీ ఏ మతమైనా సరే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందా అన్నది వేరే చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఉంది. ఆ కుటుంబం కాగితాలు ఎలా ఉన్నాయో చూసి లాయరు చెప్పాల్సిన మాట అది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఎస్సీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కొట్టిన కుర్రాడికి పద్దెనిమిది నిండకపోతే వ్యవహారం బాల న్యాయ మండలిది, అతణ్ణి లాకప్‌లో పెట్టకూడదు.

ఫిర్యాదు పెట్టాలో వద్దో ఆ ఇంటివాళ్ళే తేల్చుకోవాలి. మీరు పెట్టమని తోస్తే రేపు ఊళ్ళో పనులు పోయినా, పాలు పొయ్యడం మానేసినా ఆ భారం వాళ్ళ మీద పడుతుంది. వద్దని వారిస్తే, చర్చి మా హక్కును అడ్డుకుందన్న మాట మిగిలిపోతుంది. ఈ వివరాలు తల్లిదండ్రుల చెవిన వేసి పక్కకు తప్పుకోండి. పాఠం ఆ నిర్ణయం కోసం ఆగనక్కర్లేదు.

పాఠం ఎలా చెప్పాలంటే, నాలుగు వారాలు సరిపోవు, ఆరు కావాలి. మొదటి నాలుగు వారాలు డిసెంబరు గొడవ ఊసే ఎత్తకండి. ఇలాంటి తరగతులు చాలావరకు చెడేది ఇక్కడే. ఉత్సాహంలో మొదటి రోజే అసలు గొడవను నాటకంలా వేయిస్తారు, చూసేవాళ్ళు నవ్వుతారు, దెబ్బ తిన్నవాడు రెండోసారి దెబ్బ తింటాడు.

మొదటి ఆదివారం పేర్లు రాయకుండా చీటీలు రాయించండి: ఇంట్లో, బళ్ళో, ఆటలో నీకు వచ్చే గొడవ ఏది, అప్పుడు నువ్వేం చేస్తావు? చీటీలు మీరు ముందే ఒంటరిగా చదువుకుని, ఎవరు రాశారో తెలిసిపోయేవి తీసేసి, మిగిలినవాటిలో చిన్నవి నాలుగు ఎంచుకోండి. ఫోన్ ఎవరిది, వాలీబాల్ నెట్ ఎవరు కట్టాలి, తమ్ముడికి ఎక్కువ పెట్టారు, ఇలాంటివి చాలు.

రెండో వారం వినడం నేర్పాలి. పదకొండు మంది ఉన్నారు కాబట్టి ముగ్గురేసి చొప్పున మూడు జట్లు అవుతాయి. మిగిలిన ఇద్దరి జట్టులో మూడో మనిషి మీరే. ఒకరు రెండు నిమిషాలు తన గొడవ చెప్పాలి. రెండోవారు ఒక నిమిషంలో, తను విన్నది మాత్రమే తిరిగి చెప్పాలి. చెప్పినవారు ‘అవును, అదే’ అనేదాకా మళ్ళీ ప్రయత్నించాలి. మూడోవారు గమనించి, ఎక్కడ మాట మారిందో చెప్పాలి. ముగ్గురూ మారేసరికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. వినేవాడు ‘తప్పు నీదేరా’ అని తీర్పు చెప్పేస్తాడు, తొందర్లో సలహా ఇస్తాడు. అప్పుడు కోప్పడకుండా ఆపి, ‘వాడేమన్నాడో చెప్పు’ అని ఒక్క మాటే అనండి. నవ్వులు మొదటి పది నిమిషాలు ఉంటాయి, ఉండనివ్వండి. పెద్ద కుర్రాళ్ళను చిన్నపిల్లలతో ఒకే జట్టులో వెయ్యకండి, చిన్నవాళ్ళు నోరు విప్పరు.

మూడో వారానికి మన నేల మీదే మంచి పాఠం ఉంది. ఆదికాండం 26లో ఇస్సాకు మనుషులు బావులు తవ్వితే గెరారు కాపరులు నీళ్ళు మావని జగడమాడతారు. రెండు బావులు వదులుకుని మూడోచోట తవ్వుకుంటాడు ఇస్సాకు. అతనికి వెళ్ళడానికి ఖాళీ నేల ఉంది. మన డెల్టాలో మూడో బావికి చోటు లేదు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, గోదావరికి నీళ్ళు తగ్గితే ఏం చేస్తారో పిల్లల్నే అడగండి, రైతుకూలీల ఇళ్ళ పిల్లలకు మీకంటే బాగా తెలుసు. వంతులు పెడతారు. ఎగువ రైతు, కాలవ చివరి శివారు రైతు, తూములు చూసే లస్కరు, నీటి సంఘం అధ్యక్షుడు, ఈ నాలుగు పాత్రలు ఇచ్చి, నీళ్ళు చివరి చేలకు ఎందుకు అందడం లేదో మాట్లాడించండి. బల్ల మీద రెండు వరుసలు గియ్యండి: అడుగుతున్నది ఏమిటి, నిజంగా కావలసింది ఏమిటి. ఎగువ రైతు ‘తూము మూయను’ అంటాడు, అతనికి కావలసింది ఊడ్చిన చేను ఎండిపోదన్న భరోసా. శివారు రైతుకు కావలసింది జాలి కాదు, తన వంతు ఏ రోజో ముందే తెలియడం. పక్కవాడి మంచితనం మీద ఆధారపడక్కర్లేకుండా ఒక కట్టుబాటు ఉండటం కూడా శాంతిలో భాగమేనని ఇక్కడ పిల్లలకు తెలిసొస్తుంది.

వెంటనే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదివించండి. రోజువారీ వడ్డనలో మా విధవరాళ్ళను వదిలేస్తున్నారని గ్రీకు మాట్లాడే విశ్వాసులు సణిగితే, అపొస్తలులు ‘ఓర్చుకోండి’ అనలేదు. ఏడుగురిని ఆ పని మీద నియమించారు. ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. బాధపడినవాళ్ళ వైపు మనుషుల చేతికే వడ్డన అప్పగించారన్నమాట. సంఘాల్లో ఈ అధ్యాయం మీద ఇంకా చాలా ప్రసంగాలు రావాలి.

నాలుగో వారం ఫోన్‌కు కేటాయించండి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, స్క్రీన్‌షాట్ పోదు. ఒక ఊహాజనితమైన రెచ్చగొట్టే స్టేటస్ ఇచ్చి, జవాబు కాగితం మీద రాయించి, ఆ కాగితాలు మీరే దాచండి. వచ్చే ఆదివారం తిరిగి ఇచ్చి, ఇది ఇప్పుడు పంపుతావా అని అడగండి. కోనసీమ పిల్లలకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు, ఎంతోమంది కుర్రాళ్ళు కేసుల్లో ఇరుక్కున్నారు. ఎవరి పక్షమూ తియ్యకుండా ఒక్కటే అడగండి: ఆ కుర్రాళ్ళ ఫోన్లలోకి ఆ మెసేజ్‌లు వచ్చినప్పుడు, పంపకుండా ఆగిపోవడానికి వాళ్ళకు ఏం తోడుండాల్సింది?

ఐదో వారం ముందు చెప్పిన యోహాను 18, అపొస్తలుల కార్యములు 16. అప్పుడే డిసెంబరు సంగతి ఎత్తండి, అదీ చెంపదెబ్బ కాదు, బాక్సులూ భజనా. రెండు వరుసలు మళ్ళీ గియ్యండి. వాళ్ళకు కావలసింది భజన వినపడటం, గుడి ముందు మర్యాద. మన పిల్లలకు కావలసింది మన పండగ పేటలోనే ఆగిపోకుండా ఊరి మధ్య నుంచి నడవడం. ఆరో వారం వచ్చే డిసెంబరుకు ఒక పేజీ ప్రతిపాదన పిల్లలే రాయాలి. దాని కోసం వాళ్ళకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు తెలియాలి. రాతపూర్వకమైన అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట వాడకూడదు. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి పన్నెండు దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. పది దాటాక క్యారల్స్ బాక్సులకూ, తెల్లవారుజామున గుడి మైకుకూ, చర్చి మైకుకూ నియమం ఒకటే అని తెలిసేసరికి ‘వాళ్ళదే తప్పు’ అన్న మాట రెండు వైపులా మెత్తబడుతుంది.

పాస్టరు గారి సంగతి. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. చర్చికి దారి, మైకుకు అనుమతి, పేటవాళ్ళ కూలిపనులు, అన్నీ ఊరిపెద్దలతో ముడిపడి ఉంటాయి. ఆయనను దాటుకుని హెడ్మాస్టరు దగ్గరకు వెళితే ఒక మంచి పని జరగవచ్చు, మీ తరగతి మాత్రం పోతుంది. ఆయన చెప్పినట్టే మిగతా రెండు వారాలు ముగిస్తే గొడవ లేదు, ఆ ముగ్గురు పిల్లలు తిరిగి రారు, మిగిలినవాళ్ళు చర్చిలో నిజం అడగకూడదని నేర్చుకుంటారు. నా మొగ్గు మధ్య దారి వైపు: ఆరు వారాల పాఠం ఒక కాగితం మీద రాసి, వాక్యభాగాలతో సహా ఆయన చేతిలో పెట్టండి. ‘మొదటి నాలుగు వారాలు డిసెంబరు ప్రస్తావన ఉండదు, ఐదో వారం మీరు కూడా కూర్చోండి’ అని అడగండి. ఒప్పుకోకపోతే నాలుగు వారాలే చెప్పండి, అవే సగం పని చేస్తాయి. తల్లులకు కూడా ఆ కాగితమే చూపించండి. వాళ్ళు భయపడేది పాఠానికి కాదు, పిల్లల పేర్లు ఊళ్ళో నలగడానికి.

హెడ్మాస్టరు గారి పిలుపు మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. పరీక్షల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, మాట పెరిగితే, నష్టపోయేది ఎక్కువగా మన పిల్లాడే. పైగా పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన సఖ్యత రాదు. 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీనికి నాలుగు షరతులు చెప్పాడు: ఇరువర్గాలకూ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పైవాళ్ళ మద్దతు. మన ఊళ్ళో సమాన హోదా అంటే ఎలా ఉండాలో మీకు తెలుసు. రెండు వైపులా పిల్లలు సమానంగా ఉండాలి, అందరికీ ఒకే రకం కుర్చీలు, ఒకే బిందె, ఒకే గ్లాసులు. చోటు గుడీ కాదు, చర్చీ కాదు, బడి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది కాబట్టి ప్రార్థనతో మొదలుపెట్టకండి, వాక్యం చదవకండి. మీరు అక్కడ సండే స్కూలు టీచరుగా కాక, పిల్లల తరఫున ఒక పెద్దగా ఉండాలి. పని ఒక్కటే: వచ్చే డిసెంబరుకు దారి, వేళలు, బాక్సుల సంఖ్య. అది జూన్‌లో బళ్ళు తెరిచాక మొదలై అక్టోబరుకల్లా పెద్దల సంతకాలతో పూర్తయితే చాలు. నెలగంట పెట్టి ధనుర్మాసం మొదలయ్యాక కూర్చుంటే ఎవరూ తగ్గరు.

చెంపదెబ్బ సంగతి ఆ సమావేశంలోకి తేవద్దు. ఆ రెండు కుటుంబాలు ఒప్పుకుంటే విడిగా, వేరే రోజు. ముందు ఇద్దరు పిల్లలతోనూ వేర్వేరుగా మాట్లాడాలి: ఏం జరిగింది, అప్పుడు నీ మనసులో ఏముంది, ఎవరికి ఏం నష్టమైంది, ఏం చేస్తే సరిపోతుందనుకుంటున్నావు. ఇద్దరిలో ఒక్కరు వద్దన్నా ఆపెయ్యాలి. క్షమాపణ అంటూ చెబితే, అవమానం జరిగిన చోటుకు తగ్గ చోట చెప్పాలి. సెంటర్లో కొట్టి, ఎవరి ఇంటి వసారాలోనో ‘సారీ’ అంటే పౌలు ఒప్పుకోలేదు, ఆ పిల్లాడు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

అతని ఇంటికి ఈ వారమే వెళ్ళండి. సంఘపెద్దల్ని వెంటబెట్టుకోవద్దు, ఒక్కరే వెళ్ళి వాళ్ళమ్మ ఇంట్లో ఉండగా మాట్లాడండి. తరగతికి రమ్మని అడగవద్దు. నీ ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను, నచ్చకపోతే కాదను అని యోహాను 18 చదివి వినిపించండి. అతను ఒప్పుకోకపోవచ్చు, వాదించవచ్చు, లేదా ఏమీ అనకుండా కూర్చోవచ్చు. కొట్టిన కుర్రాడి తమ్ముడు తరగతిలో ఏమైనా అంటున్నాడేమో కూడా అడగండి. అంటుంటే అది హెడ్మాస్టరు గారికి వెంటనే చెప్పాల్సిన విషయం, దానికి జూన్ దాకా ఆగకండి. ఆ పిల్లాడు రాత్రుళ్ళు నిద్రపోవడం లేదన్నా, బడి మానేస్తానన్నా 1098కి ఫోన్ చెయ్యండి, అది పిల్లల కోసమే పెట్టిన నంబరు. సండే స్కూలుకు అతను పరీక్షల తర్వాత వస్తే రానివ్వండి. రాకపోతే ఆరో వారం పిల్లలు రాసిన ప్రతిపాదన కాగితం ఇంటికి తీసుకెళ్ళి చూపించి, ఇందులో ఏం మార్చాలో చెప్పమని అడగండి.